టెక్సస్ దాటి వెళ్ళి రావడం: ఫోన్ ఎత్తినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా (నా అనుభవం)

టెక్సస్‌లో అబార్షన్ కుదరక వేరే రాష్ట్రానికి వెళ్ళాలని ఫోన్ చేసిన అమ్మాయిని మేము మొదట అడిగేది ఆఖరుసారి డేట్ ఎప్పుడు వచ్చిందని. పేరు తర్వాత చెప్పినా పరవాలేదు. ఏ రాష్ట్రానికి వెళ్ళాలి, మాత్రలా ప్రొసీజరా, ఎంత డబ్బు, ఎన్ని రాత్రులు అనే లెక్కలన్నీ ఆ ఒక్క తేదీ నుంచే మొదలవుతాయి.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, డెంటన్‌లలో ఉండే తెలుగు ఆడవాళ్ళ కోసం 2022 నుంచి ఈ పని చేస్తున్నాను. క్లినిక్ నర్సుకీ అమ్మాయికీ మధ్య మాట అందించడం, ప్రయాణం, బస, తోడు కుదర్చడం, తిరిగొచ్చాక నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉండటం మా పని. ఎక్కడ ఆలస్యమవుతుందో, ఎక్కడ పొరపాటు పడతారో ఇన్నేళ్ళలో బాగా తెలిసింది. అది వరసగా రాస్తున్నాను.

తేదీ దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. "నాకిప్పుడు రెండో నెలక్కా" అంటారు. ఆ రెండో నెలంటే అయిదు వారాలు కావచ్చు, తొమ్మిది వారాలూ కావచ్చు. మనవాళ్ళు చాలామంది నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడతారు. డాక్టర్లు ఆఖరు పీరియడ్‌లో రక్తం కనిపించిన మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. అంటే నెల తప్పిన రోజుకే వాళ్ళ లెక్కలో నాలుగు వారాలు నిండిపోయాయి. 2021 సెప్టెంబర్ 1న టెక్సస్‌లో అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 8 చట్టం సుమారు ఆరు వారాల దగ్గర అబార్షన్‌కి తలుపు మూసినప్పుడు, ఆడమనిషికి మిగిలింది నెల తప్పాక రెండు వారాలే. పీసీఓడీ ఉండి నలభై, నలభై అయిదు రోజులకోసారి డేట్ వచ్చేవాళ్ళకి ఆ రెండు వారాలూ మిగల్లేదు.

రెండో పొరపాటు తేదీ రాసే పద్ధతిలో ఉంది. ఫారంలో 6/7 అని రాస్తే మనకది జులై 6, అక్కడి నర్సుకి జూన్ 7. నాలుగు వారాల తేడా! మాత్రలతో అయ్యేదాన్ని ప్రొసీజర్‌కి రాసుకోవడం, క్లినిక్‌కి చేరాక మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడం మేము చూశాం. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయమంటాం. డేట్ అస్సలు గుర్తు లేకపోతే ఆ వారం ఏం జరిగిందో అడుగుతాం: గుడికి వెళ్ళలేదా, వ్రతం వాయిదా వేసుకున్నారా, ఏ పండుగ దగ్గర? మన ఇళ్ళలో ఈ దారి బాగా పనికొస్తుంది. ఆఖరి మాట మాత్రం స్కాన్‌దే.

తర్వాత భయాల సంగతి. "నన్ను జైల్లో పెడతారా? వీసా పోతుందా?" ఈ రెండూ అడగనివాళ్ళు లేరు. గర్భాన్ని తీయించుకునే హక్కును దేశమంతటికీ ఇచ్చిన 1973 నాటి రో తీర్పు పుట్టింది డల్లాస్ కౌంటీలో వేసిన కేసు నుంచే. దాన్ని 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడాది ఆగస్టు 25 నుంచి టెక్సస్‌లో అబార్షన్ చేసిన డాక్టర్‌కి యావజ్జీవ శిక్ష దాకా, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా, లైసెన్సు రద్దు. గర్భిణికి ఈ చట్టం కింద శిక్ష లేదు. న్యూ మెక్సికోకో కొలరాడోకో వెళ్ళి అక్కడి చట్టం ప్రకారం చేయించుకున్న వైద్యం నేరం కాదు.

వీసా భయానికి ఒక అసలు కారణం ఉంది. డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో ఒక ప్రశ్నలో అబార్షన్ అనే మాట కనిపిస్తుంది. అది చూసి హడలిపోతారు. ఆ ప్రశ్న అడిగేది జనాభా నియంత్రణ పేరుతో ఆడవాళ్ళని బలవంతపెట్టి అబార్షన్ చేయించిన పనుల్లో మీకు పాత్ర ఉందా అని. తన ఇష్టంతో తాను చేయించుకున్న మనిషికి దాంతో సంబంధం లేదు.

సాయం చేసేవాళ్ళ సంగతి వేరు. ఎస్‌బీ 8 కింద టెక్సస్‌లో జరిగిన అబార్షన్‌కి తోడ్పడినవాళ్ళ మీద ఎవరైనా దావా వేయొచ్చు, గెలిస్తే పదివేల డాలర్లకు తగ్గకుండా వస్తాయి. డాబ్స్ తర్వాత, అబార్షన్ ఖర్చులకి డబ్బిచ్చే టెక్సస్ సహాయ నిధులు చాలావరకు కొన్ని నెలలు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది. బయటి రాష్ట్రంలో చట్టబద్ధంగా జరిగే వైద్యానికి సాయపడటం గురించి 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లోని ఫెడరల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వు తర్వాతే మళ్ళీ కదిలాయి. 2025 డిసెంబర్ 4 నుంచి ఇంకో చట్టం వచ్చింది. టెక్సస్‌లోకి మాత్రలు పంపేవాళ్ళ మీద, తెచ్చిపెట్టేవాళ్ళ మీద లక్ష డాలర్లకు తగ్గకుండా దావా వేయొచ్చు. అందుకని మాత్రలు ఇంటికి తెప్పించే పనిలో మేము వేలు పెట్టం. మాది దారి చూపించడం, తోడు వెళ్ళడం. ఎవరికి ఏ సందేహమున్నా ఇఫ్/వెన్/హౌ సంస్థవాళ్ళ రీప్రో లీగల్ హెల్ప్‌లైన్‌లో లాయర్లని అడగమంటాం. ఊళ్ళో ఇమిగ్రేషన్ కేసులు చూసే లాయర్‌కి ఈ చట్టాలు తెలియాలని లేదు.

ఇక ఎక్కడికి అన్నది. చుట్టూ ఉన్న ఓక్లహోమా, ఆర్కన్సా, లూయిసియానా మూడూ మూసేశాయి. డల్లాస్ నుంచి ఆల్బకర్కీ సుమారు 650 మైళ్ళు. అమరిల్లో మీదుగా కారులో పది గంటలు, విమానంలో రెండు గంటల లోపు. న్యూ మెక్సికోలో వారాల పరిమితి లేదు, ఇన్ని గంటలు ఆగి రావాలన్న నిబంధనా లేదు. కాన్సస్‌లోని విచిటా ఇంకా దగ్గర, ఓక్లహోమా గుండా అయిదారు గంటల దారి. అక్కడ 22 వారాల దాకానే. 2022 ఆగస్టులో కాన్సస్ ఓటర్లు ఈ హక్కు తీసేసే సవరణను తిప్పికొట్టారు కాబట్టి ఆ తలుపు ఇంకా తెరిచి ఉంది. కొలరాడో మూడోది. దగ్గరన్న ఒక్క కారణంతో విచిటాకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ కోసం రెండు వారాలు ఆగేకన్నా, ఒకే పూట మూడు ఊళ్ళకి ఫోన్ చేసి ఎవరు ముందిస్తే అక్కడికి వెళ్ళడం మేలని నా గట్టి అభిప్రాయం. వారం గడిచేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, పద్ధతి మారుతుంది, సెలవులు పెరుగుతాయి.

వెతికేటప్పుడు "ఉచిత స్కాన్, ఉచిత సలహా" అని కనిపించే కేంద్రాలతో జాగ్రత్త. వాటిలో చాలావరకు అబార్షన్ చెయ్యవు, ఎక్కడ చేస్తారో చెప్పవు. వచ్చే వారం ఇంకో స్కాన్ తీద్దామని రోజులు గడిపిస్తాయి. ఫోన్‌లోనే సూటిగా అడగండి: "మీరు అబార్షన్ చేస్తారా? చేసేచోటికి పంపుతారా?" అవుననకుండా "ముందు వచ్చి మాట్లాడండి" అంటే ఫోన్ పెట్టేయండి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పాలి. ఆ రోజు అడిగితే హిందీ వాళ్ళనో తమిళం వాళ్ళనో కలిపిన సందర్భాలున్నాయి. భర్త ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోకూడదు. నర్సు ఒంటరిగా అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: "ఇది మీ సొంత నిర్ణయమేనా, ఎవరైనా బలవంతపెడుతున్నారా?" దానికి జవాబు ఆ మనిషి నోట, తన భాషలో రావాలి. నేను మధ్యలో ఉన్నప్పుడు కూడా ఒక్క మాట కలపను.

ఫోన్‌లో దాచకుండా చెప్పాల్సినవి: ఎన్ని పెద్దాపరేషన్లయ్యాయి, చివరిది ఎప్పుడు, రక్తం తక్కువని ఎప్పుడైనా అన్నారా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, ఉబ్బసం ఉందా, లూప్ వేయించుకున్నారా. మనవాళ్ళలో రెండు పెద్దాపరేషన్లయినవాళ్ళు చాలామంది. తొలి వారాల్లో దాంతో ఇబ్బంది లేదు. నెలలు పెరిగితే మాయ పాత కుట్టు మీద అతుక్కుందేమో విడిగా చూడాల్సి వస్తుంది, కొన్ని చిన్న క్లినిక్‌లు చెయ్యలేమంటాయి. ఆ మాట 650 మైళ్ళు వెళ్ళాక వినకూడదు. హిమోగ్లోబిన్ కూడా అంతే.

మరీ తొందరపడ్డా తిప్పలే. నాలుగున్నర వారాలకే వెళితే గర్భసంచిలో ఇంకా ఏమీ కనపడదు. గొట్టంలో నిలిచిన గర్భమేమో తేల్చుకోవడానికి రెండు రోజుల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేయాలంటారు. ఆరు వారాలు నిండాక వెళితే ఒకే ప్రయాణంలో పని పూర్తవుతుంది.

మాత్రలా, ప్రొసీజరా? అమెరికాలో అనుమతి ప్రకారం మాత్రలు పది వారాల దాకా, అంటే 70 రోజులు. క్లినిక్‌లో మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగిస్తారు. 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు, చెంపకి రెండేసి చొప్పున బుగ్గల్లో పెట్టుకుని అరగంట ఉంచి మిగిలింది నీళ్ళతో మింగాలి. కొన్ని గంటల్లో గట్టి నొప్పి, పీరియడ్ కన్నా ఎక్కువ రక్తం, గడ్డలు. చలి వణుకు, విరేచనాలు కూడా మామూలే. ఇబుప్రొఫెన్ నొప్పి మొదలవకముందే వేసుకుంటే పనిచేస్తుంది.

ఇక్కడ ప్రయాణికులు చేసే తప్పు ఒకటుంది. ఇంటికెళ్ళి పడుకోవచ్చులే అని రెండో విడత వేసుకుని కారెక్కుతారు. అమరిల్లో దాటేసరికి నొప్పి, రక్తం, దారిలో బాత్రూమ్ దొరకదు. రెండో విడత హోటల్లోనే వేసుకుని, రక్తం తగ్గుముఖం పట్టాక బయలుదేరాలి. అంటే కనీసం రెండు రాత్రులు. వందలో ఇద్దరు ముగ్గురికి పని పూర్తి కాక ప్రొసీజర్ అవసరం పడుతుంది. అదీ టెక్సస్‌కి తిరిగొచ్చాకే బయటపడొచ్చు. అందుకే దూరం నుంచి వెళ్ళేవాళ్ళకి, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళకి, నేను ప్రొసీజర్ గురించి తప్పకుండా అడగమంటాను. తొలి మూడు నెలల్లో అది పది నిమిషాల లోపు పని, పూర్తయిందో లేదో డాక్టర్ అక్కడే చూసుకుంటారు, అదే రోజు బయటికి రావచ్చు. మత్తు కావాలంటే ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు, తీసుకెళ్ళడానికి తోడు ఉండాలి. ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్ళినవాళ్ళకి మత్తివ్వరు. నొప్పి మాత్ర, అక్కడికక్కడ ఇచ్చే ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోవాలి. ఈ ఒక్క సంగతి ముందు తెలియక ఏడ్చినవాళ్ళున్నారు. తోడు లేకపోతే క్లినిక్‌ని అడిగితే అక్కడి వలంటీర్లని కుదురుస్తారు.

ఇండియా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో ఎంటీపీ కిట్ (అబార్షన్ మాత్రల పెట్టె) తెప్పించుకుంటే పోదా అని చాలామంది అడుగుతారు. అందులో ఉండేవి ఇవే రెండు మందులు. కానీ స్కాన్ లేకుండా వేసుకుంటే గొట్టంలో గర్భం సంగతి తెలియదు, అది పగిలితే ప్రాణానికే ముప్పు. రేకు చిరిగి గాలి తగిలితే మిసోప్రోస్టాల్ బలం తగ్గిపోతుంది. తెచ్చిచ్చిన అత్తో చెల్లో చట్టం ముందు నిలబడాల్సి రావచ్చు. వద్దనే చెబుతాం.

డబ్బు: తొలి మూడు నెలల్లో మాత్రలకైనా ప్రొసీజర్‌కైనా సుమారు 600 నుంచి 800 డాలర్లు. నాలుగో నెల దాటితే వేలల్లోకి వెళుతుంది. టికెట్లు, హోటల్, పిల్లల్ని చూసుకునే మనిషి అదనం. టెక్సస్ చట్టం కిందకొచ్చే ఇన్సూరెన్సులు, 2017లో చేసిన చట్టం ప్రకారం, ప్రాణాపాయంలో తప్ప, ఇది కట్టవు. కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్లలో కొన్ని కడతాయి, ప్రయాణ ఖర్చు కూడా ఇస్తాయి. కానీ హెచ్4 (భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకిచ్చే వీసా) మీద ఉన్న భార్య ఇన్సూరెన్స్ వాడితే ఆ వివరాల కాగితం భర్త పేరు మీద ఇంటికొస్తుంది. భర్తకి తెలియకూడని ఇళ్ళు ఉంటాయి. అలాంటప్పుడు ఇన్సూరెన్స్ వాడకుండా, క్లినిక్‌లోనే సహాయ నిధి గురించి అడగాలి. నేషనల్ అబార్షన్ ఫెడరేషన్ హాట్‌లైన్, ఉత్తర టెక్సస్‌కి టెక్సస్ ఈక్వల్ యాక్సెస్ ఫండ్, ప్రయాణానికి ఫండ్ టెక్సస్ చాయిస్ ఉన్నాయి. నిధులు క్లినిక్‌కే నేరుగా కడతాయి కాబట్టి ముందు అపాయింట్‌మెంట్, ఆ తర్వాత నిధికి ఫోన్. ఈ వరస తిరగబడితే రెండు రోజులు పోతాయి.

పాస్‌పోర్ట్ ఎక్కడుందో మొదటి రోజే చూసుకోవాలి. అది భర్త బ్యాంకు లాకర్లో ఉందని ప్రయాణం ముందు రాత్రి తెలిస్తే చేయగలిగిందేమీ లేదు. టెక్సస్ లైసెన్సు లేని హెచ్4 అమ్మాయికి విమానం ఎక్కడానికి అదే ఆధారం. పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయులు ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఇచ్చే కాగితం) దగ్గర పెట్టుకోవాలన్నది ఎలాగూ చట్టం. న్యూ మెక్సికోలోని లాస్ క్రూసెస్‌లో చేయించుకుని ఎల్ పాసో మీదుగా కారులో తిరిగొచ్చేవాళ్ళకి ఐ-10 హైవే మీద సియెర్రా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ తగులుతుంది. కాగితాలు చూపిస్తే చాలు, ఎందుకు వెళ్ళారో చెప్పాల్సిన పని లేదు.

ఫోన్ గురించి: సలహా అడగాలనిపిస్తే నోటితో అడగండి, వాట్సాప్ గ్రూపులో రాయకండి. 2023 మార్చిలో గాల్వెస్టన్ కౌంటీలో ఒకాయన, తన మాజీ భార్య అబార్షన్‌కి సాయపడ్డారని ఆమె స్నేహితురాళ్ళు ముగ్గురి మీద పది లక్షల డాలర్లకు పైగా దావా వేశాడు. ఆధారంగా చూపించినవి వాళ్ళ మధ్య నడిచిన మెసేజీలు. ఏడాదిన్నర తర్వాత కేసు వదులుకున్నాడు కానీ ఆ ఏడాదిన్నర వాళ్ళ బతుకు ఎలా గడిచుంటుంది? ఫ్యామిలీ లొకేషన్, ఉమ్మడి ఫోటో ఖాతా, ఉమ్మడి క్రెడిట్ కార్డు ఈ మూడూ ప్రయాణానికి ముందే చూసుకోవాలి. లీగల్ నోటీసు అందాక మాత్రం ఏదీ చెరిపేయకూడదు, అది విడిగా నేరమవుతుంది.

ఇప్పుడు భాష సంగతి. దీని మీద నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను. తెలుగులో గర్భం దానంతటది పోయినా "అబార్షన్ అయింది" అంటాం. తీయించుకుంటే "అబార్షన్ చేయించుకుంది" అంటాం. ఇంట్లో ఆ తేడా అందరికీ తెలుసు. టెక్సస్ ఎమర్జెన్సీ గదిలో రక్తంతో ఉన్న కోడల్ని చూపించి అత్తగారు "అబార్షన్ అయింది" అంటే వినేవాళ్ళకి తెలిసేది ఒకటే అర్థం. ఆ తర్వాత గది వాతావరణమే మారిపోతుంది. లాయర్లకి ఫోన్లు, వైద్యం ఆగడం. దానంతటది పోతే "మిస్‌క్యారేజ్" అనే చెప్పాలి. పాత కాగితాల్లో "స్పాంటేనియస్ అబార్షన్" అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, డాక్టర్ల భాషలో దానర్థం అదే. గుండె ఆగిపోయిన పిండాన్ని తీయడం, గొట్టంలోని గర్భాన్ని తీయడం టెక్సస్ చట్టం ప్రకారం అబార్షనే కాదు. "గర్భసంచి కడగాలి" అంటే వెనకాడుతున్న ఆస్పత్రిలో ఈ మాట గట్టిగా చెప్పి, రాతపూర్వకంగా కారణం ఇమ్మని అడగాలి. అత్యవసరంలో వచ్చిన మనిషిని స్థిమితపరచకుండా పంపకూడదన్నది ఎమ్‌టాలా అనే ఫెడరల్ చట్టం. తల్లి ప్రాణానికి ముప్పు ముంచుకొచ్చేదాకా ఆగక్కర్లేదని టెక్సస్ శాసనసభ కూడా 2025లో స్పష్టం చేసింది.

కోరుకున్న గర్భంలో లోపం బయటపడితే ఆ ఇంటి కష్టం వేరు. బిడ్డకి ఎంత తీవ్రమైన లోపమున్నా టెక్సస్ చట్టంలో మినహాయింపు లేదు. పెద్ద స్కాన్ సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య. ఉమ్మనీటి పరీక్ష ఫలితం వచ్చేసరికి కాన్సస్ గడువు దాటిపోవచ్చు. అందుకే బిడ్డలో క్రోమోజోముల లోపాలు పసిగట్టడానికి పదో వారం నుంచి చేసే ఎన్‌ఐపీటీ రక్తపరీక్షని వాయిదా వేయొద్దని అందరికీ చెబుతాం. అప్పటికే ఆలస్యమైతే న్యూ మెక్సికో, కొలరాడో. ముందు రోజు గర్భద్వారం మెత్తబడే ఏర్పాటు చేసి మర్నాడు ప్రొసీజర్ చేస్తారు కాబట్టి మూడు రాత్రులు అనుకోవాలి. స్కాన్ రిపోర్టులు, బొమ్మలు ముందే తీసుకెళ్ళాలి. జన్యుపరీక్ష కోసం కణజాలం పంపాలన్నా, దహనం చేయించి బూడిద తీసుకోవాలన్నా, పాదాల ముద్ర కావాలన్నా ఆ మాట అపాయింట్‌మెంట్ రోజే చెప్పాలి. తర్వాత అడిగితే దొరకదు. సీమంతానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మల ముందు ఈ సంగతులు చెప్పాల్సి వచ్చినప్పుడు మేము పక్కన కూర్చుంటాం, అంతే.

కొందరు ఇండియా వెళ్ళిపోతామంటారు. అక్కడి చట్టం 1971 నాటిది, 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 24 దాకా కొన్ని వర్గాలవారికి ఇద్దరు డాక్టర్లు, తీవ్రమైన లోపాలకి ఆ పైన మెడికల్ బోర్డు. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే కావాలి, భర్త సంతకం చట్టం అడగదు, ఆస్పత్రులు అడిగినా సరే. పెళ్ళికానివాళ్ళకీ అదే హక్కని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరినవాళ్ళు తిరిగి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో లెక్కేసుకోవాలి. డెంటన్, ఆర్లింగ్టన్‌లలో చదివే పిల్లలకి ఒక సెమిస్టరే పోవచ్చు.

తిరిగొచ్చాక మేము రోజుకోసారి ఫోన్ చేస్తాం. గంటకి రెండు ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు నిండిపోతే, 100.4 డిగ్రీల జ్వరం నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, వాసనతో స్రావం ఉంటే, ఒకవైపు పొడిచినట్టు నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆస్పత్రి. రెండో విడత వేసుకున్న 24 గంటల్లో రక్తమే కనపడకపోతే క్లినిక్‌కి ఫోన్. కొద్దికొద్దిగా రెండు వారాల దాకా కనిపించడం మామూలే. పాలు వచ్చినట్టు రొమ్ములు బరువెక్కితే బిగుతైన బ్రా, చల్లటి గుడ్డ. పిండకుండా ఉంటే తగ్గిపోతుంది. డేట్ రాకముందే, రెండు వారాల్లోనే మళ్ళీ గర్భం వచ్చే వీలుందన్నది ఎక్కువమందికి తెలియదు. అందుకే ఏ సాధనం వాడతారో క్లినిక్‌లో ఉండగానే తేల్చుకోమంటాం.

మూత్రపరీక్ష తొందరపడి చేసుకుంటే రెండు గీతలే కనిపించి గుండె జారిపోతుంది. హార్మోన్ పూర్తిగా పోవడానికి నాలుగు వారాలు పడుతుంది. అందుకని ఆ తేదీని కూడా నెల పేరు అక్షరాల్లో రాసే ఇస్తాం. ఆ రోజు పొద్దున్నే "ఒక్క గీతే వచ్చిందక్కా" అని ఫోన్ వస్తే, ఆ నంబర్ మా దగ్గరనుంచి తీసేస్తాం.